కరువు జాబితాలో లేని కాపు

ఒక మండలంలో కరువు ఉందని తేల్చడానికి ప్రభుత్వం దగ్గర చాలా కొలతలున్నాయి. కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో సవరించిన కరువు మాన్యువల్ ప్రకారం ముందుగా వర్షపాతం లోటు చూస్తారు, చినుకు పడని వరుస రోజులు లెక్కేస్తారు. ఆ తర్వాత విత్తనం పడిన విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే పచ్చదనం, నేలలో తేమ, జలాశయాల్లో నీరు, భూగర్భ జలమట్టం పరిశీలిస్తారు. చివరికి 10 శాతం గ్రామాల్లో పొలాల్లోకి దిగి పంట నష్టాన్ని సరిచూసుకుంటారు. ఇన్ని కొలతల్లో ఇంటి వెనక జామచెట్టు ఎక్కడా లేదు. పొలం గట్టు మీది చింత లేదు, వంక ఒడ్డున నేరేడు లేదు, గుట్ట మీద సీతాఫలం లేదు.

2023 ఖరీఫ్‌కు ఈ కొలతలన్నీ వేసి, అక్టోబరు నెలాఖరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 7 జిల్లాల్లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. కర్నూలు జిల్లాకు ఆ జాబితాలో పెద్ద వాటాయే దక్కింది. పత్తి ఎంత పోయింది, వేరుశనగ ఎంత ఎండింది, కంది ఏమైంది, ఉల్లి ఏమైంది అని కాగితాలు నిండాయి. ఎవరూ విత్తకపోయినా ఏటా కాసే మరో పంట ఉంది. అది ఆ ఏడాది ఏమైందో రాసిన కాగితం ఒక్కటీ లేదు.

ఎమ్మిగనూరు దాటి తుంగభద్ర వైపు వెళ్తే వచ్చేది నందవరం మండలం. బనగానపల్లె దగ్గరి చౌడేశ్వరి అమ్మవారి నందవరం వేరు, ఇది వేరు. నది పక్కనే పారుతుంది. 2009 అక్టోబరు వరదకు ఈ మండలంలోని నాగలదిన్నె దగ్గర వంతెనే కొట్టుకుపోయింది. అయినా నదికి నాలుగడుగులు ఎడంగా ఉన్న పొలానికి ఆకాశమే దిక్కు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందే ఆయకట్టు కొంత ఉంది. ఆ నీళ్లు కూడా ఎగువన జలాశయం నిండితేనే వస్తాయి. 2023లో అది నిండలేదు. ఆదోని, కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు, గోనెగండ్ల, ఎక్కడికి వెళ్లినా ఇదే కథ.

ఇలాంటి చోట చెట్టు విలువ వేరు. పత్తికి పెట్టుబడి కావాలి, మిరపకు అప్పు కావాలి. గట్టు మీది చింతకు ఏమీ అక్కర్లేదు. తాతలు నాటారు, మనవలు దులుపుకుంటున్నారు. అదీ కాక ఈ చెట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వంతులు వేసుకున్నట్టు కాస్తాయి. జూన్, జులైలో అల్లనేరేడు వస్తుంది. ఆగస్టు దాటితే సీతాఫలం. దసరా వెళ్లాక ఉసిరి, సంక్రాంతికి రేగు. ఆ మధ్యలోనే పరికి పొదలు నల్లబడతాయి. శివరాత్రి వెళ్లేసరికి చింతకాయ పండుతుంది, సీమచింత విచ్చుకుంటుంది. ఉగాదికి పచ్చిమామిడి, ఎండలు ముదిరాక ఈతపండ్లు, ఆషాఢం వైపు వేపపండ్లు. జామ ఏడాదికి రెండు కాపులిస్తుంది. పండ్ల దుకాణం ముందు ఆగే స్తోమత లేని ఇంట్లో పిల్లలకు ఏడాది పొడవునా దొరికే తీపీ పులుపూ ఈ వరుసలోనివే.

పిల్లల తిండితోనే ఇది ఆగదు. ఆదోని వైపు గుట్టల్లో సీతాఫలాలు కోసి, గంపల్లో గడ్డి పరిచి, బస్టాండు దగ్గర కుప్పలు పోసి అమ్మే ఆడవాళ్లకు అవి రెండు నెలల రాబడి. వేపగింజలు ఏరి, కడిగి, ఆరబెట్టి వ్యాపారికి తూకం వేసే ముసలమ్మలకు ఆ సొమ్ము వాళ్ల చేతిఖర్చు. చింతచెట్టునైతే కాయ మీదే గుత్తకిస్తారు. పంచాయతీ చెట్లకు ఏటా పాట పెడతారు. పాట పాడినవాళ్లు దులిపించిన కాయ ఇళ్లకు చేరుతుంది. వసారాల్లో కూర్చున్న ఆడవాళ్లు పెంకు ఒలిచి, ఈనెలు లాగి, గింజ కొట్టి ముద్దలు కడతారు. కూలి కిలో లెక్కన కడతారు. మండుటెండల్లో పొలం పని లేని నెలల్లో నీడపట్టున దొరికే పని ఇదొక్కటే.

ఈ ప్రాంతంలో ఆ నెలలకు ఇంకో పేరుంది, సుగ్గి. సంక్రాంతి అటూ ఇటూ నుంచి ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు బండ్లెక్కి వెళ్తారు. బడి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు తెరుస్తుంది. ఆ హాస్టళ్లలో చేరని పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. ఆ ఇళ్లలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా నడిచే వంటలో చింతచిగురు పప్పు, పచ్చిమామిడి పులుసు, పెరటి మునగకాయ ఎంత భాగమో ఏ సర్వేలోనూ తేలదు. ఊరు ఖాళీ అయ్యే ఆ కాలంలోనే చెట్టు కూడా ఖాళీగా నిలబడితే, ఆ దెబ్బ ముందు తగిలేది ముసలివాళ్లకూ పసివాళ్లకూ.

2023–24 అలాంటి ఏడాది కావడానికి కావలసినవన్నీ వరుసగా జరిగాయి. ఆ ఏడాది పసిఫిక్ మహాసముద్రంలో ఎల్ నినో బలపడింది. 1901 నుంచి ఉన్న వాతావరణ శాఖ రికార్డుల్లో అంత ఎండిపోయిన ఆగస్టు దేశంలో మరొకటి లేదు, లోటు 36 శాతం. ఆగస్టు అంటే సీతాఫలం కాయ ఊరే నెల.

సీతాఫలం ఎంత మొండి చెట్టో అంత నాజూకు పూత దానిది. రాళ్ల సందున, మేక కూడా ముట్టని ఆకుతో, గుక్కెడు నీళ్లు లేకుండా బతుకుతుంది. కాయ కట్టడమే దానికి కష్టం. పువ్వు విచ్చుకున్న తొలి దశలో ఆడపువ్వు, మరునాటికి పుప్పొడి రాల్చే మగపువ్వు. ఒకే పువ్వులో రెండూ కలిసే అవకాశం తక్కువ. పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేర్చేవి ఆవగింజంత పెంకుపురుగులు. గాలిలో తేమ ఉంటే పువ్వు లోపలి కీలాగ్రం జిగటగా ఉండి పుప్పొడిని పట్టుకుంటుంది. వడగాలి కొడితే గంటల్లో ఆరిపోతుంది. అందుకే ఏప్రిల్, మే ఎండల్లో వచ్చిన పూత చాలావరకు రాలిపోతుంది, తొలకరి తేమకు వచ్చిన పూతే నిలుస్తుంది. ఆ నిలిచిన పిందెకు ఆగస్టులో వాన తప్పితే ఏమవుతుందో గుట్ట ఎక్కి చూస్తే తెలుస్తుంది. కాయ నిమ్మకాయంత పెరిగి అక్కడే ఆగిపోతుంది. కళ్లు విచ్చుకోవు, ముందు గోధుమరంగు, తర్వాత బొగ్గు నలుపు. వేలితో నొక్కితే రాయి, చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమంటాయి. కొమ్మ నుంచి రాలనైనా రాలదు. తెల్లటి పిండినల్లి కప్పుకుని, మళ్లీ ఆకు రాలే కాలం దాకా అలాగే వేలాడుతుంది. పొలంలో పంట ఎండితే దున్నేస్తారు, మరో పంట కోసం చూస్తారు. గుట్ట మీది కాయను లెక్కపెట్టడానికి ఎవరూ రారు.

రేగుది ఇంకో తీరు. వానాకాలం ఆఖరున పూత, సంక్రాంతికి పండు. నేలలో మిగిలిన పదునే దానికి ఆధారం. పదును లేకపోతే చెట్టు పిందె రాల్చుకుని తనను తాను కాపాడుకుంటుంది. మిగిలిన నాలుగు కాయల్లో పురుగు చేరుతుంది. భోగినాడు పిల్లల తల మీద పోసే రేగుపండ్లకు అప్పుడు బజారు చూడాలి. బజారులో ఉన్నది పచ్చగా నున్నగా ఉండే యాపిల్ రేగు. అది పోసినా పండుగ జరుగుతుంది, కాదనలేం. కాని చెలకల్లో దొరికే ఆ చిన్న ఎర్ర రేగుపండ్లను దంచి, బెల్లం కలిపి, ఎండబెట్టి డబ్బాలో దాచుకునే రేగు వడియం పని మాత్రం ఆ ఏడాదికి ఆగిపోయినట్టే.

మామిడి సంగతి రాష్ట్రమంతా చూసింది. మామిడి పూయాలంటే చెట్టు కాస్త విశ్రాంతి తీసుకోవాలి. నవంబరు, డిసెంబరుల్లో నేల పొడిగా ఉండాలి, రాత్రి చలి గట్టిగా ఉండాలి. చలి చాలకపోతే పూత రావలసిన చోట లేత ఆకు వస్తుంది. మబ్బు పడితే ఉన్న పూతకు బూడిద తెగులు పడుతుంది, తేనెమంచు పురుగు చేరుతుంది. ఆకుల మీద జిగట, ఆ జిగట మీద నల్లటి మసి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చలి చాలలేదు. పూత ఆలస్యమైంది. తర్వాత ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల జిల్లాల్లో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు వచ్చాయి, పిందె నిలవలేదు. 2024 వేసవిలో తెలుగు రాష్ట్రాలు రెండింటా మామిడి దిగుబడి బాగా పడిపోయింది. తోటలవాళ్ల గోడు పత్రికల్లో వచ్చింది, రావలసిందే. పెరట్లో ఒక్కటే మామిడిచెట్టు ఉన్న ఇంట్లో ఆ ఏడాది ఆవకాయ జాడీ ఎంత నిండిందన్నది మాత్రం వార్త కాలేదు.

చలి చాలక పండు తప్పడం మన ఒక్కరి బాధ కాదు. పీచ్ పండ్లకు పేరుపడ్డ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2023లో చలికాలం వెచ్చగా గడిచి, ముందే మొగ్గ విచ్చి, ఆ తర్వాత గడ్డకట్టే చలి వచ్చి పంటలో 90 శాతానికి పైగా పోయింది. అక్కడ అది పెద్ద వార్త అయింది, నష్టం లెక్క తేలింది, సాయం మీద చర్చ జరిగింది.

చింత ఈ కథలో అన్నిటికంటే ముఖ్యం. తొలకరికి పూసిన పువ్వు పండై చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. అంటే 2023 జూన్ పూత 2024 ఫిబ్రవరి, మార్చిలో చింతపండు. వానాకాలంలో తగిలిన దెబ్బ వేసవిలో గాని బయటపడదు. కరువు అంచనా మొత్తం ఎక్కడ తప్పుతోందో చింతను చూస్తే అర్థమవుతుంది. అధికారులు పొలాలు చూసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. మండలాల జాబితా అక్టోబరు ఆఖరుకే వచ్చేస్తుంది. సీతాఫలం నష్టం అప్పటికి సగమే కనిపిస్తుంది, రేగు నష్టం జనవరిలో, చింత నష్టం మార్చిలో, మామిడి నష్టం మేలో, నేరేడు నష్టం మరుసటి జూన్‌లో. ఫైలు మూసిన తర్వాత ఎనిమిది నెలలపాటు కరువు చెట్ల మీద నడుస్తూనే ఉంటుంది.

చెట్టు అన్నాక ఓ ఏడు విరగగాస్తుంది, ఓ ఏడు విశ్రాంతి తీసుకుంటుంది, దీనికింత గోల ఎందుకు అనే మాట వినిపిస్తుంది. ఆ మాటలో నిజం ఉంది. మామిడి, చింత రెండూ ఏడు విడిచి ఏడు కాసే స్వభావమున్నవే. బాగా కాసిన ఏడాది చెట్టు తాను దాచుకున్నదంతా కాయలో పెడుతుంది, మరుసటి ఏడాది కోలుకుంటుంది. ఊళ్లో పెద్దవాళ్లెవరూ కాపు తప్పిందని చెట్టును తిట్టరు. అయితే వెనుకటి లెక్క వేరు. చింత తప్పిన ఏడు మామిడి కాసేది, మామిడి తప్పితే సీతాఫలం ఆదుకునేది. ఈ గట్టు చెట్టు కాయకపోయినా ఆ గట్టు చెట్టు కాసేది. రకరకాల చెట్లు, రకరకాల వయసులు, ఊరినిండా ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకేసారి చేతులెత్తేయడం అరుదు. ఎండిన ఆగస్టు, చలి చాలని శీతాకాలం, నిప్పులు కురిసే ఏప్రిల్ ఒకదాని వెంట ఒకటి వస్తే ఆ సర్దుబాటు తెగిపోతుంది. 2025 ఫిబ్రవరి కూడా 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి ఫిబ్రవరిగా నమోదైంది. ఇవి చెట్టు సహజ విశ్రాంతి ఖాతాలో వేయదగినవి కావు.

చెట్ల సంఖ్యే తగ్గిపోయిందన్నది రెండో సంగతి. రోడ్లు వెడల్పు చేసిన ప్రతిచోటా ముందు పడేది దారి పక్క పాత చింతలే. ట్రాక్టరు తిరగడానికి గట్లు చదును చేస్తే రేగు, పరికి, బలుసు పొదలు పోతాయి. మట్టిమిద్దె తీసి స్లాబు వేసినప్పుడు పెరడు గదిగా మారుతుంది, జామ, కరివేపాకు కుండీలోకి వస్తాయి లేదా అసలు రావు. ఉన్న వేపకూ సుఖం లేదు. 2021 వానాకాలం చివర తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వేపచెట్లు వేలకొద్దీ కొమ్మ చివర నుంచి మాడుతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే పురుగు కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి, వేప అంత తేలిగ్గా లొంగదు. కాని చిగుళ్లు మాడిన చెట్టుకు పూత ఎక్కడిది, పూత లేనిదే వేపగింజ ఎక్కడిది?

మూడో సంగతి పురుగుమందులు. 2021–22లో మిరపను కొత్త తామరపురుగు ఊడ్చేసినప్పటి నుంచి మందుల వాడకం ఏ స్థాయికి చేరిందో ఎమ్మిగనూరు, ఆదోని పురుగుమందుల దుకాణాల ముందు నిలబడితే తెలుస్తుంది. పత్తికి కొట్టిన మందు పత్తి మీదే ఆగదు. గట్టు మీది పూతకు వచ్చే తేనెటీగ, గుట్ట మీది పెంకుపురుగు కూడా చస్తాయి. ఈ ప్రాంతానికి పరాగసంపర్కం విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. నది అవతల నడిగడ్డలోనూ, ఇవతల కర్నూలు పల్లెల్లోనూ సీడ్ పత్తి పండించేటప్పుడు పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి రుద్దుతారు. తెల్లవారుజాము నుంచి ఆడవాళ్లు, సెలవుల్లో పిల్లలు కూడా, వంగి వంగి చేసే పని అది. దానికి కూలి లెక్క ఉంది. అదే పనిని ఏ కూలీ అడగకుండా చింతకూ నేరేడుకూ చేసిపెట్టే ప్రాణులు తగ్గిపోతుంటే ఆ నష్టానికి మాత్రం లెక్క లేదు.

పండు పోతే ఒంటికి ఏం పోతుందో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మాటల్లోనే చెప్పుకోవచ్చు. మనిషికి రోజుకు 100 గ్రాముల పండు కావాలని ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఐదుగురున్న ఇంటికి రోజుకు అరకిలో. కూలి మీద బతికే ఇల్లు ఏడాదంతా రోజుకు అరకిలో పండు కొనదు, కొనలేదు. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది. జొన్నరొట్టెలోని, ఆకుకూర పప్పులోని ఇనుము ఒంటికి పట్టాలంటే ఆ విటమిన్ తోడుండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము మాత్రలు పంచుతున్న ప్రభుత్వమే, ఆ ఇనుమును ఒంటికి పట్టించే జామచెట్టు ఊళ్లో ఉందో పోయిందో తెలుసుకోవడం తన పని అనుకోవడం లేదు.

నష్టం మనిషితో ఆగదు. రేగు, నేరేడు, వేప, మర్రి, రావి పండ్ల మీద బతికే పికిలిపిట్టలు, కోయిలలు, గబ్బిలాలే మళ్లీ ఆ గింజలను గుట్టల మీద విత్తేవి. పొరుగున ఉమ్మడి బళ్లారి ప్రాంతంలో దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. ఎలుగుకు రేగూ నేరేడూ సీతాఫలమూ ఇష్టమైన తిండి. గుట్ట మీద పండు లేని ఏడాది అది వేరుశనగ చేనులోకి దిగుతుంది, అప్పుడు మాత్రం అది వార్త అవుతుంది.

కరువులో చెట్టు అక్కర ఈ నేలకు తెలిసినంతగా చాలా ప్రాంతాలకు తెలియదు. ఆదోని 1953 వరకు బళ్లారి జిల్లాలో భాగం. 1876–78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను చావుదెబ్బ తీసింది. ఆ రోజుల్లో జనం నాగజెముడు పండ్లు, అడవి దుంపలు, ఆకులు అలములు తిని ప్రాణాలు నిలుపుకోజూశారు. ఆ నాగజెముడు కూడా ఇప్పుడు లేదు. పొలాలను కమ్మేస్తోందని 1926లో సింహళం నుంచి కొచినీల్ పురుగును తెచ్చి వదిలితే దక్షిణాదిలో చాలాచోట్ల అది తుడిచిపెట్టుకుపోయింది. నాగజెముడు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. ఆ కరువు నాడు చివరి ఆసరాగా నిలిచినదొకటి పోయిందనీ, దాని చోట మరొకటి చేరలేదనీ మాత్రం గుర్తుంచుకోవాలి.

అప్పటి పాలకులకు చెట్టు లెక్క తెలుసు. 1827 జులై 6న మద్రాసు గవర్నరు థామస్ మన్రో పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆదోనికి ఆగ్నేయంగా ఉన్న ఆ ఊళ్లో ఆయన జ్ఞాపకార్థం తోపు నాటించారు, దిగుడుబావి తవ్వించారు. కరువు సీమలో జ్ఞాపకచిహ్నం అంటే నీడ, నీళ్లు అని ఆనాటివారికి తోచింది. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ పద్ధతిలో పోరంబోకు భూముల్లోని చింత, మామిడి చెట్ల మీద రైతుకు చెట్టు పట్టా ఇచ్చేవారు. గ్రామ లెక్కల్లో చెట్టు చెట్టుకూ పద్దు ఉండేది. పన్ను కోసమే రాసుకున్నారు, పేదవాడి మీద ప్రేమతో కాదు. అయినా ఏ ఊళ్లో ఎన్ని కాపుచెట్లున్నాయో కరణం లెక్క చూస్తే తెలిసేది. ఉపగ్రహాలున్న ఈ కాలంలో ఆ సంగతి చెప్పగలిగిన కార్యాలయం జిల్లాలో ఒక్కటి కూడా లేదు.

పండు పోయినా, పండు ధర పోయినా ప్రభుత్వం కదలదని కాదు. 2025 వేసవిలో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ధర కూలిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు గిట్టేలా ప్రభుత్వం 4 రూపాయలు తన వంతుగా ఇస్తానని ముందుకొచ్చింది. ప్రకృతి వైపరీత్యాల సాయంలో 2022–26 కాలానికి బహువార్షిక పంటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, వర్షాధార పంటలకు 8,500 రూపాయలు అని ధర కట్టారు. 33 శాతం, ఆపైన నష్టం, రెండు హెక్టార్ల పరిమితి అని నియమాలు పెట్టారు. తోటకు దారి ఉంది. ఒంటి చెట్టుకు హెక్టారు ఎక్కడిది? గుట్ట మీది సీతాఫలానికి పట్టాదారు ఎవరు? ఉద్యాన శాఖ లెక్క తోటతో మొదలై తోటతోనే ముగుస్తుంది. అటవీ ఉత్పత్తుల కొనుగోలు ఏర్పాట్లు గిరిజన ప్రాంతాల కోసం. నందవరం, కోసిగి లాంటి మైదాన కరువు మండలాల్లో గుట్ట పండు ఏరుకుని బతికేవాళ్లు ఈ రెండింటి మధ్య జారిపోతున్నారు.

ప్రతి చెట్టుకూ పరిహారం ఇమ్మని అడగడం సాధ్యమయ్యే కోరిక కాదు, అవసరమూ కాదు. ముందు కావలసింది లెక్క. సచివాలయాల్లో గ్రామ ఉద్యాన సహాయకులున్నారు. ఒక్క వేసవిలో వాళ్లు ఊరి కాపుచెట్ల పట్టీ రాయగలరు. ఏ రకం, ఎక్కడుంది, సుమారు వయసెంత, ఎవరు కోసుకుంటారు, ఇంత రాస్తే చాలు. ఆ పట్టీ చేతిలో ఉంటే కరువు ఏడాదిలో అక్టోబరు పరిశీలనకు తోడు మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి కాపు చూసి రాయడం పెద్ద పని కాదు. కాపు తప్పిందని తేలిన ఊళ్లో పంచాయతీ చింతల పాట సొమ్ములో తగ్గింపు ఇవ్వవచ్చు. అంగన్‌వాడీ, సీజనల్ హాస్టల్ పిల్లలకు ఆ నెలల్లో పండు అదనంగా ఇవ్వవచ్చు. వేపగింజ, చింతపండు పని పోయిన ఆడవాళ్లకు ఉపాధి పనిదినాలు పెంచవచ్చు. పాటను గుత్తేదారుకు కాకుండా ఊరి పొదుపు సంఘానికి ముందు అడగాలన్న నియమం కూడా పెట్టాలి. అప్పుడు చెట్టు బాగోగులు చూసే చేతులు ఊళ్లోనే ఉంటాయి.

నాటడంలోనూ తీరు మారాలి. దారుల పక్కన, బడి ఆవరణల్లో కొన్నేళ్లుగా కోనోకార్పస్ లాంటివి నాటారు. త్వరగా పచ్చగా కనిపిస్తాయని నాటారు. వాటికి పిట్ట తినే పండు లేదు, పిల్లవాడు తినే పండు లేదు. మన పక్కనే అనంతపురంలోని ఉద్యాన పరిశోధన స్థానం మెట్ట పండ్లచెట్ల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఎర్రగుజ్జు చింత 'అనంత రుధిర', మరో చింత 'తెట్టు అమలిక' అక్కడి రకాలే. అంటుకట్టిన చింత నాలుగైదేళ్లలో కాపుకొస్తుంది, మనవడి దాకా ఆగనక్కర్లేదు. సీతాఫలంలో మహబూబ్‌నగర్ వైపు పుట్టిన బాలానగర్ రకం మన రాళ్లనేలకు అలవాటైనదే. మొక్కకు కొదవ లేదు. కొదవంతా నాటిన తర్వాతి రెండు వేసవుల నీళ్లకే. మొక్క నాటిన ఫొటోకు బిల్లు అవుతోంది, రెండో మే నెలలో రెండు బిందెల నీళ్లకు బిల్లు కావడం లేదు. మొక్క నాటిన రోజున సగం, రెండో వేసవి దాటి బతికి ఉంటే మిగతా సగం చెల్లించే పద్ధతి పెడితే కాంట్రాక్టరు సంగతి ఎలా ఉన్నా మొక్కకు మేలు జరుగుతుంది.

రోడ్డు కోసం చింత కొట్టక తప్పదంటే కొట్టిన ప్రతి చింతకూ అదే ఊరి పొలిమేరలో చింతే నాటాలి, నేరేడే నాటాలి. జిల్లాకు ఆ చివరన ఎక్కడో నాటిన మొక్కలతో లెక్క సరిపెట్టడం ఆపాలి. పూత కాలంలో, ముఖ్యంగా ఉదయం వేళ, తేనెటీగలు తిరిగేటప్పుడు పత్తికి, మిరపకు మందు కొట్టవద్దని రైతు సేవా కేంద్రాల్లో బోర్డు పెట్టడానికి ఏ నిధులూ అక్కర్లేదు.

ఇక ఈ మండలాల పాఠకులకు ఒక మాట. వచ్చే గ్రామసభలో రోడ్డు, డ్రైనేజీ, పింఛన్లతో పాటు ఈ సంగతి కూడా అడగండి. మా ఊళ్లో కాపుచెట్లు ఎన్ని, కిందటేడు ఎన్ని కాశాయి, ఎన్ని ఎండాయి, ఎన్ని కొట్టేశారు అని అడిగి తీర్మానంలో రాయించండి. తీర్మానం నకలు తహసీల్దారుకు, మండల ఉద్యాన అధికారికి పంపండి. నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, కౌతాళం మండలాల నుంచి పది ఊళ్లు ఈ పని చేసినా, తర్వాతి కరువు అంచనాకు వచ్చే బృందం పొలాలతో పాటు చెట్ల కాపు కూడా చూడవలసి వస్తుంది.